వేసవిలో బృందంగా మోటారు సైకిళ్లపై తూర్పు తీరం, మన్యం దారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు ప్రధానంగా ఒక చుట్టు దారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. విశాఖపట్నం నుంచి సముద్రపు ఒడ్డు వెంట భీమిలి, అక్కడి నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్, ఆపైన పాడేరు, లంబసింగి, చింతపల్లి, రంపచోడవరం, మారేడుమిల్లి చూసుకుని, రాజమహేంద్రవరం దగ్గర మైదానానికి దిగి, కాకినాడ, ఉప్పాడ మీదుగా తిరిగి విశాఖ చేరే దారి అది. నల్లమల గురించి అడిగేవారు కూడా చాలామంది ఉన్నందున, శ్రీశైలం దారికి వర్తించే విషయాలను అవసరమైన చోట చేర్చాం.

## బయలుదేరాలన్న ఆలోచనలో ఉన్నవారికి

ఏప్రిల్, మే ఎండల్లో బైకుల మీద వెళ్లడం అసలు మంచిదేనా?

ఎండను బట్టి రోజును అమర్చుకోగలిగితే మంచిదే. అరకు, లంబసింగి ప్రాంతాలు సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1000 మీటర్ల ఎత్తులో ఉన్నందువల్ల అక్కడ మైదానం కంటే ఐదారు డిగ్రీలు తక్కువ వేడి ఉంటుంది. రోడ్లు పొడిగా ఉంటాయి, పిల్లలకూ ఉపాధ్యాయులకూ సెలవులుంటాయి, తెల్లవారుజామున ఐదున్నరకే వెలుతురు వస్తుంది. ప్రమాదమంతా మైదానపు దారిలో, మధ్యాహ్నపు వేళలోనే ఉంది. అందుకే మైదానంలో తెల్లవారిన దగ్గర నుంచి పది గంటల వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేలోపు మాత్రమే బండి నడిపి, మధ్యలో నీడ పట్టున ఉండిపోవాలి. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానంలో 40, తీరంలో 37, కొండ ప్రాంతాల్లో 30 డిగ్రీలు దాటి, సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే దాన్ని వడగాలిగా పరిగణిస్తారు. మీ దారిలోని మండలాలకు వడగాలి హెచ్చరిక ఉన్న రోజు ప్రయాణం వాయిదా వేసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. జలపాతాలు మాత్రం ఈ కాలంలో సన్నగా పారుతాయని ముందే మనసులో పెట్టుకోండి.

మొత్తం చుట్టు తిరగడానికి ఎన్ని రోజులు కావాలి? రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవచ్చు?

హాయిగా తిరగాలంటే ఐదు రోజులు కావాలి. నాలుగు రోజుల్లో ముగించవచ్చు గానీ, అప్పుడు మధ్యాహ్నపు విశ్రాంతి పోతుంది, వేసవిలో పోగొట్టుకోకూడనిది అదే. మైదానంలో రోజుకు 200, మన్యంలో 120 నుంచి 150 కిలోమీటర్లకు మించి పెట్టుకోకండి. ఘాట్ రోడ్డు మీద ఆగుతూ సాగే బృందానికి గంటకు 25, 30 కిలోమీటర్లు దాటడం కష్టం. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లే అయినా, భీమిలి చుట్టి వెళ్లే బృందానికి అది నిండు రోజు ప్రయాణమే. రాజమహేంద్రవరం, మారేడుమిల్లి మధ్య ఉన్న సుమారు 85 కిలోమీటర్లను కూడా పటంలో చూసి తక్కువగా అంచనా వేయకండి.

బృందంలో ఎంతమంది ఉంటే బాగుంటుంది?

ఐదు నుంచి ఏడు బండ్లు. ఎనిమిది దాటితే రెండు జట్లుగా విడిపోయి, ఒక్కో జట్టుకు ముందు నడిచే బండిని, చివర నడిచే బండిని వేరువేరుగా నిర్ణయించుకుని, పది నిమిషాల తేడాతో బయలుదేరడం మంచిది. పెద్ద గుంపు ఒకేసారి కదిలితే దాన్ని దాటాలనుకునే బస్సుకూ కారుకూ చోటు దొరకదు. టీ కొట్టు దగ్గర ఆగితే రోడ్డు సగం మూసుకుపోతుంది, ఊరివాళ్లకు విసుగు పుడుతుంది.

మా తమ్ముడు ఈమధ్యే లైసెన్సు తీసుకున్నాడు. వెంట తీసుకెళ్లవచ్చా?

అది పక్కా లైసెన్సా, ఎల్‌ఎల్‌ఆరా అన్నది మొదట చూడండి. ఎల్‌ఎల్‌ఆర్‌తో ఇలాంటి ప్రయాణానికి రాకూడదు. పక్కా లైసెన్సు ఉంటే, ముందుగా ఒక ఉదయం భీమిలి దాకా తీసుకెళ్లండి, మరో వారం అనంతగిరి వరకు ఘాట్ ఎక్కించి అదే రోజు దింపండి. ఎక్కడం కంటే దిగడంలోనే అతని నేర్పు తెలుస్తుంది. దిగేటప్పుడు మలుపుకు ముందే వేగం తగ్గిస్తున్నాడా, మలుపు మధ్యలో బ్రేకు పడుతున్నాడా గమనించండి. మొదటిది అలవాటైతే నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. దారిలో అతన్ని ముందు బండి వెనకే ఉంచాలి. చివర ఉంచితే ముందున్నవారిని అందుకోవాలన్న తొందరలో తనకు చేతకాని వేగంతో నడుపుతాడు.

నాది 100 సీసీ బండి. నా స్నేహితురాలిది స్కూటరు. బుల్లెట్లతో కలిసి రాగలమా?

తప్పకుండా రాగలరు. మన్యంలో ఇంటిల్లిపాది సామాను కట్టుకుని రోజూ ఆ ఘాట్లు ఎక్కి దిగేది చిన్న బండ్ల మీదనే. ఇబ్బంది బండి సత్తాలో కాదు, వేగాల తేడాలో వస్తుంది. కాబట్టి బృందం వేగాన్ని చిన్న బండే నిర్ణయించాలి, అందుకు మిగిలినవారు ముందే ఒప్పుకోవాలి. స్కూటరుకు చక్రాలు చిన్నవి కావడంతో గుంతల్లోనూ కంకరలోనూ కుదుపు ఎక్కువ. దిగుడు దారిలో ఇంజను పట్టు తక్కువ కనుక బ్రేకుల మీద భారం పడుతుంది. దిగేటప్పుడు మధ్యమధ్య ఆపి బ్రేకులు చల్లారనివ్వాలి.

చిన్నపిల్లలను వెంట తీసుకెళ్లవచ్చా?

నాలుగేళ్లలోపు పిల్లలను ద్విచక్ర వాహనంపై తీసుకెళ్లాలంటే నడిపేవారికి కట్టే భద్రతా పట్టీ, పిల్లలకు సరిపోయే హెల్మెట్టు ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదనీ కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. చట్టం సంగతి అలా ఉంచితే, వేసవిలో రోజుల తరబడి సాగే ప్రయాణానికి చిన్నపిల్లలను బండి మీద తీసుకెళ్లకూడదన్నదే మా అభిప్రాయం. వాళ్ల ఒంట్లో నీరు పెద్దలకంటే త్వరగా తగ్గుతుంది, నిద్ర వస్తే చేయి జారుతుంది. విశాఖ నుంచి అరకుకు రైలు ఉంది. ఇంట్లో ఒకరు పిల్లలతో రైల్లో వచ్చి అక్కడ కలుసుకోవచ్చు, సొరంగాలు దాటే ఆ రైలు ప్రయాణం పిల్లలకు పండుగలా ఉంటుంది.

## బండి, కాగితాలు, సామాను

బయలుదేరే ముందు మెకానిక్ చేత ఏమేం చూపించుకోవాలి?

టైర్లు, బ్రేకులు, చైన్ స్ప్రాకెట్, ఇంజను ఆయిలు, క్లచ్ వైరు, బ్యాటరీ చూపించాలి. నీటితో చల్లబడే ఇంజనైతే కూలెంటు మట్టం కూడా. ఈ పని బయలుదేరే ముందురోజు కాకుండా వారం ముందే చేయించి, ఆ వారమంతా బండి వాడండి. కొత్తగా బిగించిన దాంట్లో లోపముంటే ఊళ్లోనే బయటపడుతుంది. టైరులో గాలిని ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు కొలిపించి, కంపెనీ చెప్పిన మేరకే ఉంచండి. వేసవి కదా అని గాలి తగ్గించి కొట్టించడం చాలామందికి అలవాటు, కానీ అది తప్పు. గాలి తక్కువైన టైరు రోడ్డుకు ఎక్కువగా రాసుకుని మరింత వేడెక్కుతుంది.

పనిముట్లు, విడిభాగాలు ఎవరికి వారే మోయాలా?

అవసరం లేదు, పంచుకోండి. బృందానికంతటికీ కలిపి ఒక స్పానర్ల సెట్టు, ట్యూబ్‌లెస్ పంక్చరు కిట్టు, గాలి పంపు, చైన్ లూబ్రికెంటు, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, లాగడానికి ఒక తాడు సరిపోతాయి. క్లచ్ వైరు, స్పార్క్ ప్లగ్గు, హెడ్‌లైటు బల్బు మాత్రం ఒక్కో రకం బండికి ఒక్కొక్కటి ఉండాలి. పుల్లల చక్రాలున్న బండ్లకు సాధారణంగా ట్యూబు ఉంటుంది. వాటికి ట్యూబ్‌లెస్ కిట్టు పనికిరాదు కనుక సరైన కొలత ట్యూబులు వెంట ఉంచుకోవాలి. మందుల సంచి చివరి బండిలో ఉండాలి, ఎందుకంటే పడిపోయినవారి దగ్గరికి తప్పకుండా చేరేది ఆ బండే.

పెట్రోలు ఎక్కడెక్కడ కొట్టించుకోవాలి?

అరకు, పాడేరు, చింతపల్లి, రంపచోడవరం వంటి పెద్ద ఊళ్లలో బంకులున్నాయి. వాటి మధ్య చాలా దూరం వరకు ఉండవు, ఒక్కోసారి ఉన్న బంకులోనూ నిల్వ అయిపోవచ్చు. బృందంలో అన్నిటికంటే చిన్న ట్యాంకు ఎవరిదో చూసి, అది సగమయ్యేసరికి అందరూ కొట్టించుకోవడం సులువైన పద్ధతి. సీసాల్లో పెట్రోలు నింపి సంచుల్లో పెట్టుకోవడం ఈ ఎండలకు చాలా ప్రమాదకరం.

కాగితాలు ఫోనులో ఉంటే చాలా? అద్దె బండి తీసుకోవచ్చా?

డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలోని లైసెన్సు, ఆర్‌సీ చట్టరీత్యా చెల్లుతాయి. అయితే మన్యంలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఎండకు ఫోను వేడెక్కి ఆగిపోవచ్చు కూడా. అందుచేత అసలు లైసెన్సు కార్డు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ల ప్రతులు ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవడమే మేలు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ బండికి జరిగిన నష్టానికి ఏమీ రాదు. యజమానికి తప్పనిసరి చేసిన 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా మీ పాలసీలో ఉందో లేదో ఒకసారి చదివి చూసుకోండి. అద్దె బండి అయితే దానికి నల్లటి పలక మీద పసుపు అక్షరాల నంబరు ఉండాలి. తెల్ల పలక ఉన్న సొంత బండిని ఎవరైనా అద్దెకిస్తే తీసుకోకండి, ప్రమాదం జరిగితే బీమా సంస్థ డబ్బు చెల్లించడానికి నిరాకరించే వీలుంది.

ఈ ఎండలో జాకెట్టు, బూట్లు, హెల్మెట్టు వేసుకుంటే ఉడికిపోమా?

ఈ సందేహం అందరికీ వస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాం. మనిషి చర్మపు వేడి దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకు వంటికి తగిలిన గాలి చల్లబరుస్తుంది. 40 డిగ్రీల గాలి మాత్రం, ఎంత వేగంగా తగిలితే అంత వేడిని వంట్లోకి ఎక్కిస్తుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. చేతులు, మెడ బయటపెట్టి నడిపితే చెమట చల్లబరిచేలోపే ఎగిరిపోయి, ఒంట్లో నీరు త్వరగా తరిగిపోతుంది. లోపల తడిపిన నూలు బనియను, పైన గాలాడే జాలీ జాకెట్టు వేసుకుంటే ఆ తడి మెల్లగా ఆరుతూ గంటసేపు చల్లగా ఉంచుతుంది. తడిపిన నూలు తుండు మెడకు చుట్టుకోవడం కూడా మంచి పద్ధతి, కొసలు మాత్రం లోపలికి దోపుకోవాలి. అయితే తీరం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట అంత సులువుగా ఆరదు. అక్కడ తరచూ ఆగడం తప్ప వేరే మార్గం లేదు. హెల్మెట్టు ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కావాలి, వెనక కూర్చునేవారికి కూడా అది తప్పనిసరి. సాయంత్రం చీకటి పడేవేళకు నల్లటి అద్దం దారిని కనబడనివ్వదు, కాబట్టి తెల్లటి అద్దమున్న హెల్మెట్టు ఎంచుకోండి.

## దారిలో

బండ్లు ఏ వరుసలో నడపాలి?

దారి తెలిసిన నిదానస్తులు ముందు, మరమ్మతు తెలిసిన అనుభవజ్ఞులు చివర, కొత్తవారు ముందు బండి వెనకే ఉండాలి. వెడల్పైన తిన్నని రోడ్డు మీద మొదటి బండి తన లేనులో కుడి వారగా, రెండోది ఎడమ వారగా, మూడోది మళ్లీ కుడి వారగా నడిస్తే అందరికీ ముందు చూపు ఉంటుంది. మీకు నేరుగా ముందున్న బండి ఒక చెట్టును దాటాక మీరు దాన్ని చేరడానికి రెండు సెకన్లు పట్టాలి. ఘాట్‌లో, ఊళ్లలో, కంకర మీద, వానలో ఒకరి వెనక ఒకరుగా నడుస్తూ ఆ ఎడాన్ని ఇంకా పెంచాలి. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడపడం ఎక్కడా పనికిరాదు. లారీని దాటేటప్పుడు ఎవరికి వారు దారి చూసుకుని దాటాలి. ముందువాడు దాటాడు కదా అని వెనకే దూరడం వల్ల ప్రాణాలు పోతాయి.

జంక్షన్ దగ్గర కొందరు దారి తప్పుతుంటారు. ఇంటర్‌కమ్ లేకుండా ఎలా?

దీనికి చాలా కాలంగా నిలిచిన ఒక సులువైన పద్ధతి ఉంది. దారి మారే చోటు రాగానే ముందు బండి వెనక ఉన్న రెండో బండి అక్కడ కనబడేలా, రోడ్డుకు ఎడంగా ఆగి మలుపు చూపిస్తుంది. మిగతావారంతా దాటి, చివరి బండి వచ్చాక తాను దాని ముందు చేరి బయలుదేరుతుంది. తర్వాతి మలుపు దగ్గర అప్పుడు రెండో స్థానంలో ఉన్నవారు ఆగుతారు. ఎవరూ ఎవరికోసమూ తొందరపడనక్కరలేదు, ఫోను సిగ్నల్ కూడా అవసరం లేదు. కొత్తవారిని ఒంటరిగా ఆపడం ఇష్టం లేకపోతే, ఆ పనికి ముందే ఇద్దరు ముగ్గురిని నిర్ణయించుకోండి. వీటితో పాటు ఆ రోజు ఆగే ఊళ్ల పేర్లు కాగితం మీద రాసి అందరి జేబులోనూ పెట్టాలి.

మాలో ఒకతను చెప్పినా వినకుండా ముందుకు దూసుకుపోతాడు. ఏం చేయాలి?

మొదటి విరామంలోనే, అందరి ముందు కాకుండా పక్కకు పిలిచి, స్పష్టంగా చెప్పండి. అతనికి చివరి బండి బాధ్యత అప్పగించడం కొన్నిసార్లు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వెనక నుంచి చూసినప్పుడు మిగతావారి ఇబ్బందులు కళ్లకు కడతాయి. అయినా మారకపోతే విడిగా వెళ్లమని చెప్పడమే సరైన పని. స్నేహం చెడుతుందని ఊరుకుంటే, అతన్ని అందుకోవాలని చూసే మరో ఇద్దరికి ముప్పు వస్తుంది.

నీళ్లు ఎంత తాగాలి? దారిలో ఏం తింటే మంచిది?

దాహం వేసేదాకా ఆగకుండా, ప్రతి ముప్పావుగంటకు బండి ఆపి నీడలో కొన్ని గుక్కలు తాగాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు ఎప్పుడూ దగ్గర ఉండాలి. ఒక పొట్లాన్ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరి నీళ్లు, ఈ కాలంలోనే రోడ్డు పక్కన కోసి పెట్టే తాటి ముంజలు కూల్‌డ్రింకుల కంటే ఎంతో మేలు. పొద్దున్న ఇడ్లీయో ఉప్మాయో తిని బయలుదేరి, భోజనాన్ని మధ్యాహ్నపు విశ్రాంతికి ముందు పెట్టుకుంటే నిద్రమత్తు హ్యాండిల్ మీద కాకుండా చాప మీద తీరుతుంది. రాత్రి బసలో మద్యం తాగితే మర్నాడు ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, చూపు, చేతులు నెమ్మదిస్తాయి. ప్రయాణం పూర్తయ్యేదాకా అది వద్దు.

వడదెబ్బ తగులుతోందని ముందుగా ఎలా తెలుస్తుంది?

తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, తల తిరగడం, గేరు మార్చడంలో తడబాటు తొలి గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, జాకెట్టు విప్పి, ఓఆర్‌ఎస్ తాగిస్తూ అరగంటకు పైగా పడుకోబెట్టాలి. ఆ రోజు మళ్లీ బండి నడపనివ్వకూడదు. మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియనట్లు మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది ప్రాణాపాయం. చెమట పడుతోంది కదా అని భ్రమపడకండి, వడదెబ్బలో చెమట ఉండవచ్చు, ఉండకపోవచ్చు. 108కు ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోపే ఒంటినిండా నీళ్లు పోస్తూ విసరాలి, మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లని నీళ్ల సీసాలు పెట్టాలి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయకూడదు.

## తీరం వెంట

విశాఖ, భీమిలి రోడ్డు మీద ఏ వేళలో వెళ్తే బాగుంటుంది?

తెల్లవారుజామున ఐదు, ఐదున్నర మధ్య బయలుదేరితే కైలాసగిరి దాటేసరికి వెలుగు పరుచుకుంటుంది. రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట రాతి తోరణం, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుంటూ ఎనిమిదింటికి గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలికి చేరవచ్చు. రోడ్డు ఈశాన్యంగా సాగడంతో లేత ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, హెల్మెట్టు అద్దం మీద గీతలుంటే ముందేమీ కనబడదు. మలుపుల్లో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పల్చగా పరుచుకుని ఉంటుంది. దాని మీద బ్రేకు వేయకుండా, బండి వంచకుండా సాగిపోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం అమల్లో ఉంటుంది కనుక మత్స్యకారుల ఊళ్ల దగ్గర వలలు బాగుచేసుకునేవాళ్లు, పిల్లలు రోడ్డు పక్కనే ఎక్కువగా ఉంటారు, నెమ్మదిగా వెళ్లండి.

బండ్లు ఇసుకలోకి, ఎర్రమట్టి దిబ్బల మీదికి దింపి ఫోటోలు తీసుకోవచ్చా?

వద్దు. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా గాలీ నీరూ చెక్కిన, జాతీయ భూవారసత్వంగా గుర్తింపు పొందిన నేల. ఒక్క టైరు గాడి పడితే చాలు, వాన నీరు ఆ దారినే కోసుకుపోతుంది. ఇసుక తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు వేసవి మొదట్లో బయటికి వచ్చి సముద్రం వైపు పాకుతాయి. చక్రాల గాడిలో పడ్డ పిల్ల తాబేలు పైకి ఎక్కలేదు. రోడ్డు మీద బండి ఆపి, నడిచి వెళ్లి చూడండి.

మధ్యాహ్నం సముద్రంలో స్నానం చేద్దామనుకుంటున్నాం. ప్రమాదమా?

విశాఖ తీరంలో చాలాచోట్ల ఒడ్డు నుంచి కొద్ది దూరానికే లోతు పెరుగుతుంది, వెనక్కి వెళ్లే ప్రవాహం ఈతగాళ్లను కూడా లోపలికి లాగేస్తుంది. ఏటా యువకులు ఇలా ప్రాణాలు కోల్పోతూనే ఉన్నారు. రక్షకులు ఉన్న చోట, వాళ్లు చెప్పిన హద్దులో మోకాలి లోతు దాటకుండా ఉండండి. ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా ఈది పక్కకు తప్పుకోవాలి.

కాకినాడ, ఉప్పాడ బీచ్ రోడ్డు ఎప్పుడూ తెరిచే ఉంటుందా?

ఉండదు. ఉప్పాడ దగ్గర సముద్రం ఏళ్లుగా ఊరిని, రోడ్డును కోసేస్తోంది. వాయుగుండం ఉన్నప్పుడు కెరటాలు రాళ్ల కట్ట దాటి రోడ్డు మీద పడతాయి, పోలీసులు దారి మూసేస్తారు. మే నెల తుపాన్ల కాలం కూడా. ముందురోజు కాకినాడలో విచారించి, అనుమానంగా ఉంటే పిఠాపురం మీదుగా వెళ్లిపోండి.

గోదావరి ఊళ్లలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని మీదుగా పోవచ్చా?

రబీ కోతలు ఏప్రిల్, మే నెలల్లో ముగుస్తాయి, రైతులకు ఆరబోసుకోవడానికి చోటు చాలక రోడ్డు అంచును వాడుకుంటారు. ధాన్యం మీద టైరు గోళీల మీద నడిచినట్లే జారుతుంది, పైగా అది ఒకరి ఏడాది కష్టం. వేగం తగ్గించి, ఎదురు వచ్చే వాహనం వెళ్లేదాకా ఆగి, చుట్టూ తిరిగి వెళ్లండి. సాయంత్రం చీకటిలో ఆ రాశుల చుట్టూ పెట్టిన రాళ్లు కనబడవు. వెలుతురు ఉండగానే ఆ ఊళ్లు దాటాలి.

## ఘాట్లు, మన్యం, అడవి

దిగేటప్పుడు ఇంజను ఆపేస్తే పెట్రోలు మిగులుతుందంటారు. నిజమేనా?

మిగిలే చుక్కల కోసం ప్రాణాన్ని పణంగా పెట్టడమే అది. ఇంజను ఆపినా, న్యూట్రల్‌లో వదిలినా బండిని పట్టి ఉంచేది బ్రేకులు ఒక్కటే. సుంకరిమెట్ట నుంచి శృంగవరపుకోట వైపు దిగుడులో అవి ఎడతెగకుండా వాడితే వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కి వదలాలి. కాలిన వాసన వచ్చినా, లీవరు మెత్తగా లోపలికి పోయినా వెంటనే ఆపి చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయకండి.

మలుపులో బస్సు ఎదురైతే ఎవరు ఆగాలి?

ఇరుకైన కొండదారిలో దిగేవారే ఆగి, ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలని నిబంధన ఉంది. అయితే హక్కు గురించి ఆలోచించే చోటు కాదది. ఆర్టీసీ బస్సుకు మలుపు తిరగడానికి రోడ్డంతా కావాలి. హారను కొట్టి, ఎడమ అంచున నిలబడి దాన్ని పోనివ్వండి. జాతీయ రహదారి 516ఈ విస్తరణ పనులు జరిగే చోట్ల కంకర, దుమ్ము ఉంటాయి, అక్కడ బృందం ఎడం బాగా పెంచాలి. మండుటెండలో తారు కరిగి మెరుస్తున్న మలుపుల్లోనూ టైరు జారుతుంది.

సాయంత్రం ఉరుములతో వాన పడితే ఆగాలా, నడిపేయాలా?

ఆగాలి. వేసవిలో మధ్యాహ్నం దాటాక మన్యంలో హఠాత్తుగా మబ్బులు పట్టి, ఈదురు గాలితో గంటసేపు కురిసి వెళ్లిపోవడం మామూలే. తొలి పావుగంట వానలో రోడ్డు మీది దుమ్ము, నూనె కలిసి జారుడుగా మారతాయి. చెట్టు కింద నిలబడకండి, పిడుగు ప్రమాదం అక్కడే ఎక్కువ. పక్కా కట్టడంలోకి వెళ్లండి. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది. మధ్యాహ్నం రెండింటికే బస చేరేలా మన్యపు రోజులను అమర్చుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

రాత్రిపూట అడవి దారిలో వెళ్లవచ్చా?

ఎక్కడా వద్దు. నల్లమలలో అయితే చట్టరీత్యా కుదరదు. హైదరాబాద్, శ్రీశైలం రోడ్డులో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఉండవు, మన్ననూరు, దోమలపెంట దగ్గర గేట్లు మూస్తారు. దోర్నాల వైపు కూడా రాత్రి నిషేధం ఉంది. నిషేధం లేని మారేడుమిల్లి వంటి దారుల్లో సైతం చీకట్లో పశువులు, అడవి జంతువులు, లైట్లు లేని బండ్లు హఠాత్తుగా ఎదురవుతాయి. పగలు కూడా అడవిలో హారన్లు, మార్చిన సైలెన్సర్ల మోత వద్దు. కోతులకు తిండి పెడితే అవి రోడ్డు మీదే కాపు కాస్తాయి, బండ్ల కింద పడి చస్తాయి.

ఏప్రిల్‌లో మన్యంలో ఆడవాళ్లు దారికి కర్ర అడ్డం పెట్టి డబ్బులడిగారు. భయపడాలా?

భయపడవలసిన పనే లేదు. చైత్రంలో గిరిజన ఊళ్లలో ఇటుకల పండుగ జరుగుతుంది. ఆ రోజుల్లో ఆడవాళ్లు పాటలు పాడుతూ దారిన పోయేవాళ్లను ఆపి పండుగ కానుక అడగడం ఆచారం. నెమ్మదిగా ఆపి, హెల్మెట్టు తీసి పలకరించి, చిల్లర నోట్లు ఇచ్చి వెళ్లండి. అడగకుండా వాళ్ల ఫోటోలు తీయకండి. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర సమయంలో గదులు దొరకవు, రోడ్లు కిక్కిరిసి ఉంటాయి. బస ముందే ఖాయం చేసుకోవాలి.

చెక్‌పోస్టుల్లో పోలీసులు సంచులన్నీ విప్పమంటారా?

గంజాయి రవాణాను అరికట్టడానికి ఈ దారుల్లో తనిఖీలు తరచుగా జరుగుతాయి. ఓపికగా సహకరించండి. తెలియనివాళ్లు ఊరిలో ఇమ్మని ఏ మూట ఇచ్చినా తీసుకోకండి. బండి ఆపి వదిలి వెళ్లినప్పుడు సంచులకు తాళం వేయండి.

అడవిలో గుడారం వేసి వంట చేసుకోవచ్చా?

అనుమతి లేకుండా కుదరదు, వేసవిలో అనుమతి అడగడం కూడా సరికాదు. ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ, ఆర్పకుండా పారేసిన సిగరెట్టు చాలు, కొండంతా అంటుకుంటుంది. అరకు, టైడా, మారేడుమిల్లిలో పర్యాటక బసలు ఉన్నాయి. మారేడుమిల్లిలో బొంగు చికెన్ వండేవాళ్ల దగ్గరే తినండి, వాళ్ల ఇంటికి నాలుగు డబ్బులు చేరతాయి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు మళ్లీ మైదానానికి మోసుకురండి.

## ఆపద వస్తే

ఎవరైనా పడిపోతే మొదట ఏం చేయాలి?

ముందుగా వెనక వచ్చే వాహనాలను ఆపండి. మలుపుకు అవతల ఒకరు నిలబడి చేయి ఊపాలి. తర్వాత 108కి గానీ 112కి గానీ, జాతీయ రహదారి మీదైతే 1033కి గానీ ఫోను చేయండి. సిగ్నల్ లేకపోతే ఇద్దరు కలిసి దగ్గరి ఊరికి వెళ్లాలి, ఒంటరిగా ఎవరూ కదలకూడదు. ఊపిరి ఆడుతూ ఉంటే హెల్మెట్టు లాగకండి, మెడకు దెబ్బ ఉండవచ్చు. ఊపిరి అందకపోతే మాత్రం ఒకరు మెడను కదలకుండా పట్టుకోగా మరొకరు మెల్లగా తీయాలి. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. దారిన పోయేవాళ్లు సాయానికి జంకితే, మోటారు వాహన చట్టంలోని 134ఏ సెక్షన్ ప్రకారం సదుద్దేశంతో సాయపడినవారిపై కేసు ఉండదనీ, పేరు చెప్పమని బలవంతం చేయరనీ వాళ్లకు చెప్పండి. మందుల అలర్జీలు, రక్తపు గ్రూపు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీని హెల్మెట్టు లోపల కాకుండా చొక్కా జేబులో పెట్టుకోవాలి.

బండి ఆగిపోయి, మెకానిక్ దొరకకపోతే?

చిన్న ఊళ్లలోనూ 100 సీసీ బండ్లు బాగుచేసేవారు దొరుకుతారు, ఖరీదైన బండ్లకే కష్టం. ఘాట్‌లో తాడుతో లాగవద్దు. తిరిగి వెళ్లే బొలేరో ట్రక్కు మాట్లాడుకుని, కిందికి దింపించండి. ఆ ఖర్చు బండి యజమాని ఒక్కరి మీదే పడకుండా, బయలుదేరేటప్పుడే అందరూ సమానంగా వేసుకున్న ఉమ్మడి డబ్బులోంచి తీయాలని ముందే మాట అనుకుంటే మనస్పర్ధలు రావు.

## తిరిగి వచ్చాక

ఇంటికి చేరాక బండికి ఏం చేయించాలి?

ఉప్పు గాలి తగిలిన బండిని మర్నాడే మంచినీళ్లతో కడగాలి. చైను, పుల్లలు, సైలెన్సరు, బోల్టుల తలలు, మడ్‌గార్డు లోపలి వైపు ముఖ్యం. ఆరాక చైనుకు నూనె పట్టించి, బిగువు చూడండి. బ్రేకు ప్యాడ్‌లు, షూలు ఘాట్ దిగాక ఎంత అరిగాయో విప్పించి చూసుకోవాలి. గాలి వడపోతలో మన్యపు దుమ్ము నిండి ఉంటుంది కనుక దాన్ని దులిపించండి, అవసరమైతే మార్చండి. చక్రాలకు సొట్టలు పడ్డాయేమో చేత్తో తడిమి, టైర్లలో గుచ్చుకున్న ముళ్లు, రాళ్లు తీసేయండి.